బొగ్గుపోగుల జల్లెడ

ఇప్పలగూడెంలో ఏ రోజో తెలుసుకోవడానికి ఎవరూ కేలెండరు చూడరు. వాగు చూస్తారు. సోమవారం వాగు పసుపుగా పారుతుంది, బుధవారం ఆకుపచ్చగా, శనివారం నీలంగా. మిగిలిన నాలుగు రోజులూ తేటనీళ్లు వస్తాయి. ఆ నాలుగు రోజుల్లోనే పొలం తడపాలి, పశువుల తొట్లు నింపాలి, తాగడానికి పట్టి పెట్టుకోవాలి.

అది 2094వ సంవత్సరం. ప్రభుత్వాలు నదులనూ వాగులనూ వాడుకునేవాళ్లకే వదిలేసి ఒక తరం గడిచింది. ఎక్కడికక్కడ నీటిసభలు ఏర్పడ్డాయి. నీళ్ల వంతులు నిర్ణయించేదీ, తప్పు చేసినవాణ్ణి శిక్షించేదీ ఆ సభలే. ఇప్పలగూడేనికి ఎగువన అద్దకంపేట ఉంది. అక్కడ మూడు అద్దకం కార్ఖానాలున్నాయి. ఎవరు వంతు తప్పినా వెంటనే తెలియడానికి, ఒక్కో కార్ఖానా ఒక్క రంగే అద్దాలని సభ శాసనం. తేటనీళ్ల రోజున వాగులో రంగు కనిపిస్తే ఆ రంగు కార్ఖానా మేస్త్రీకి శిక్ష పడుతుంది. మొదటిసారి కుడిచెయ్యి, రెండోసారి ఎడమచెయ్యి మరిగే రంగుతొట్టిలో మోచేతి దాకా ముంచుతారు. మూడోసారి తల తీస్తారు.

ఆ శుక్రవారం వాగు నీలంగా వచ్చింది.

నీలం కార్ఖానా మేస్త్రీ వెల్ది రాజలింగం తప్పించుకోవాలని చూడలేదు. రాత్రి గొట్టం పగిలిందని చెప్పాడు, పగిలిన ముక్క చూపించాడు. గొట్టం ఎందుకు పగిలిందో సభకు అక్కరలేదు. అతని కుడిచెయ్యి మూడేళ్లుగా మోచేతి దాకా నీలంగానే ఉంది. ఈ కాలపు రంగులు నూలును పట్టినట్టే చర్మాన్నీ పట్టుకుంటాయి. కాలిన గాయం మానుతుంది కానీ రంగు పోదు.

తొట్టి దగ్గర అతని ఎడమ జబ్బ పట్టుకున్నది గడ్డం సాయవ్వ. ఇప్పలగూడెం పెద్ద ఆమే. డెబ్బై ఏళ్ల మనిషి, మిరపచేలో పెరిగిన గట్టి వేళ్లు. ఆచారం ప్రకారం ఆమె పాడైపోయిన చేల పేర్లు చదవాలి. చివరి పేరు పూర్తయ్యేదాకా చెయ్యి తొట్టిలోనే ఉండాలి.

"బుచ్చన్న మిరపతోట," అంది సాయవ్వ. "లచ్చవ్వ పెసరచేను. ఉప్పరి దుర్గయ్య నారుమడి."

రాజలింగం పళ్లు కొరికిన చప్పుడు వెనక వరసలో ఉన్నవాళ్లకి కూడా వినబడింది. తొట్టి మీద ఆవిరిలో మాంసం ఉడుకుతున్న వాసన వచ్చింది.

"జల్దీ చదువు ముసలిదానా," అని అద్దకంపేట వైపు నుంచి ఎవరో అరిచారు.

సాయవ్వ ఆగింది. అరిచినవాడి వైపు చూసింది. తర్వాత మొదటి నుంచి మొదలుపెట్టింది. "బుచ్చన్న మిరపతోట."

రాజలింగం అక్క ఇందుమతి జనంలో నిలబడి ఇదంతా చూసింది. ఆమె రసాయన శాస్త్రవేత్త. నగరంలో పెద్ద ప్రయోగశాలలో పనిచేస్తూ, తమ్ముడి మొదటి చెయ్యి కాలినప్పుడు ఉద్యోగం మానేసి వచ్చింది. తల్లీతండ్రీ లేని ఇంట్లో ఆమెకు మిగిలింది ఆ ఒక్క తమ్ముడే.

కట్లు కట్టిన మర్నాడు రాజలింగం రెండు చేతులూ ఒళ్లో పెట్టుకొని చూపించాడు. "జూడక్కా, జత కుదిరింది. ఇగ మిగిలింది తలకాయ ఒక్కటే."

"నోరు ముయ్యి," అంది ఇందుమతి.

"గొట్టాలు పాతయి. మల్ల పగులుతయి. నేనేం జెయ్యాలె?"

"మేస్త్రీ పని ఇడిసిపెట్టు."

"ఇడిసిపెడితే ఇంకొగడు వస్తడు. వానికీ ఒక అక్క ఉంటది."

ఇందుమతి అతని చేతుల కట్లు సరిచేసింది. నీళ్లలో రంగే లేకపోతే ముంచడానికి కారణమే ఉండదు కదా అనుకుంది. ఆ ఆలోచన చుట్టూ ఆమె రెండేళ్లు పనిచేసింది.

*

ఊరి చివర మూతబడిన కాగితం మిల్లు ఉంది. ఆవరణలో తొట్ల నిండా పాత నల్లద్రవం మిగిలిపోయింది. కలప అంటే పీచూ, ఆ పీచును కట్టిపడేసే బంకా. ఆ బంకను లిగ్నిన్ అంటారు. ఇందుమతి దానికి దారుబంధకం అని పేరు పెట్టుకుంది. కాగితానికి పీచు కావాలి, బంక అక్కరలేదు. అందుకే మిల్లులు దాన్ని నల్లద్రవంలో కరిగించి పారబోసేవి, లేకపోతే పొయ్యికింద కాల్చేసేవి. ఇందుమతి ఆ ద్రవంలో ఆమ్లం కలిపి బంకను ముద్దగా విరగ్గొట్టింది, కడిగి ఆరబెట్టింది. గోధుమరంగు పొడి వచ్చింది.

ఆ పొడిని కరిగించి, పీచుమిఠాయి యంత్రంలాంటి గిర్రున తిరిగే గిన్నెలో పోస్తే, అంచు రంధ్రాల్లోంచి వెంట్రుకకంటే సన్నని పోగులు ఎగిరి గోడకి చుట్టుకుంటాయి. అంతవరకు తేలిక. ఆ పోగుల్ని బొగ్గుగా మార్చడం దగ్గరే ఆమె నెలల తరబడి ఓడిపోయింది. కొలిమిలో పెట్టిన ప్రతిసారీ పోగులన్నీ కరిగి మళ్లీ ముద్దయ్యేవి.

"వేడి ఎక్కువ వేగంగా పెంచారు," అంది తూనిక.

తూనిక ఒక విశ్లేషణ యంత్రం. నీళ్లు రుచి చూసి అందులో ఏమేం ఉన్నాయో చెబుతుంది. నగరం నుంచి వచ్చేటప్పుడు ఇందుమతి తెచ్చుకున్న ఒకే ఒక సామాను అది. పుస్తకంలా మాట్లాడుతుంది. అడిగినదానికి జవాబు చెబుతుంది, ఒక్కోసారి అడగనిదానికి కూడా.

"ఎంత నెమ్మదిగా పెంచమంటావు?"

"పోగు పైపొర గాలిలో గట్టిపడేంత నెమ్మదిగా. మీరు నిన్న వడియాలు ఎండబెట్టారు. తడి ఆరకముందే నూనెలో వేస్తారా?"

"వంట కూడా గమనిస్తున్నావా?"

"ఆవిరి నా ముక్కుగొట్టంలోకి వస్తోంది."

అప్పటి నుంచి ఆమె పోగుల్ని వేడిగాలిలో రాత్రంతా ఉంచి, గంటకు కొద్ది డిగ్రీల చొప్పున మాత్రమే వేడి పెంచింది. పైపొర గట్టిపడ్డాక గాలి తీసేసి, నత్రజనిలో మాడ్చింది. పోగులు పోగులుగానే నల్లబడ్డాయి. ఆ నల్లపోగుల మీదికి ఎర్రగా కాలే కొలిమిలో నీటి ఆవిరి వదిలింది. ఆవిరి బొగ్గును కొంచెం కొంచెంగా కొరికి, పోగు పొడవునా కంటికి కనబడని రంధ్రాలు తొలిచింది. ఇలా తయారైనవాటిని పుస్తకాల్లో ఉత్తేజిత కర్బన తంతువులు అంటారు. ఊళ్లో వాటికి బొగ్గుపోగులని పేరొచ్చింది. ఒక గ్రాము పోగుల్లోని రంధ్రాల గోడలన్నీ విప్పి పరిస్తే పది కబడ్డీ కోర్టులు నిండి ఇంకా మిగులుతాయి.

రంగు అణువు ఆ గోడలకు అంటుకొని ఉండిపోతుంది. స్పంజి నీళ్లు పీల్చుకోవడంలాంటిది కాదు ఇది. స్పంజిని పిండితే నీళ్లు తిరిగి వస్తాయి. ఇక్కడ అణువు గోడను పట్టుకుంటుంది, మామూలు నీళ్లతో ఎంత కడిగినా వదలదు. దీని పేరు అధిశోషణం. అయితే రంధ్రాలన్నీ సన్నవైతే పెద్ద రంగు అణువులు గుమ్మంలోనే ఇరుక్కుంటాయి. ఇందుమతి రెండు కొలతల రంధ్రాలు చేసింది. పెద్దవి వసారాల్లాంటివి, చిన్నవి గదుల్లాంటివి.

మొదటిసారి ఒక గాజుగొట్టంలో గుప్పెడు పోగులు కూరి, పైనుంచి నీలం తొట్టి నీళ్లు పోసినప్పుడు కింద గిన్నెలోకి మంచినీళ్లలాంటి నీళ్లు దిగాయి. రాజలింగం నీలిచేతులతో గిన్నె ఎత్తి వెలుతురులో చూశాడు.

"రంగు సున్నా," అంది తూనిక. "లవణం మారలేదు. నూలుకు రంగు ఎక్కించడానికి తొట్టిలో రంగుకంటే ఎన్నో రెట్లు ఉప్పు వేస్తారు. ఆ ఉప్పంతా కిందికి దిగింది. ఈ పోగులు దాన్ని పట్టుకోలేవు."

"ఉప్పుకోసం ఎవరూ ఎవరి చెయ్యీ ముంచట్లేదు," అంది ఇందుమతి.

*

కార్ఖానాల మురుగు వాగులో కలిసేచోట పోగుల పరుపులు పేర్చి జల్లెడ కట్టారు. కడుతున్న రోజున, తమ నీళ్లకు అడ్డంగా ఆనకట్ట కడుతున్నారని ఇప్పలగూడెం మగవాళ్లు గొడ్డళ్లతో పైకొచ్చారు. మాటలు మొదలు కాకముందే జల్లెడ బిగిస్తున్న ఒక ఫిట్టరు తల పగిలింది. అతను పోగుల పరుపు మీద బోర్లాపడి కాళ్లు తన్నుకుంటూ చనిపోయాడు. అద్దకంపేటవాళ్లు ఇనపకడ్డీలు అందుకున్నారు. గట్టు మీద ఎవరు ఎవర్ని కొడుతున్నారో తెలియని గుంపులో, రాజలింగం వెళ్లి జల్లెడలోకి నీళ్లు వదిలే మీట ఎత్తాడు.

ఆ రోజు శనివారం. నీలం వంతు. జల్లెడ అవతల తేటనీళ్లు పారాయి.

మొదట చూసింది సాయవ్వ కొడుకు ఎల్లేశం. గొడ్డలి దించి, "అవ్వా, గిటు జూడు," అన్నాడు. ఒక్కొక్కళ్లే చూశారు. కొట్లాట ఎవరూ ఆపమనకుండానే ఆగిపోయింది. సాయవ్వ వంగి నీళ్లు తాగింది. నోరు తుడుచుకొని ఇందుమతి దగ్గరికి వచ్చింది.

"నీ తమ్ముని చెయ్యి పట్టింది నేనే బిడ్డా. ఎరుకేనా?"

"ఎరుకే."

"మల్ల నా చేత గా పని జేయించకు."

ఆ మాట దీవెనో బెదిరింపో ఇందుమతికి అర్థం కాలేదు.

నెల తిరగకముందే నీటిసభ వంతులు రద్దు చేసింది. రంగే లేనప్పుడు వంతులెందుకన్నారు. తూనికను గట్టు మీది గుడిసెలోకి మార్చి, కిందికి దిగే నీళ్లు మాత్రమే రుచి చూసి రంగు ఉందో లేదో మైకులో చెప్పమన్నారు. గంటకోసారి ఆ గొంతు వాగు పొడవునా వినిపించేది. "రంగు సున్నా. ఉల్లంఘన లేదు." మూడు కార్ఖానాలూ వారంలో ఏడు రోజులూ నడిచాయి. తయారైన బట్ట అంతా గాలిఓడల్లో దక్షిణానికి వెళ్లింది. రాజలింగం మళ్లీ నవ్వడం నేర్చుకున్నాడు. రెండు చేతులూ గ్లాసును సరిగ్గా పట్టుకోలేకపోయినా, మెడ మీద తల నిలిచిందని రోజూ ఒకసారైనా అనేవాడు.

ఎండాకాలం వచ్చేసరికి ఇప్పలగూడెంలో మిరపాకుల అంచులు నిప్పు తగిలినట్టు ఎండిపోయాయి. పొలాల మీద తెల్లటి పొర పేరుకుంది. ఈనిన గేదెలు పాలు చేపలేదు.

సాయవ్వ ఒక మట్టిపెళ్ల తెచ్చి సభ ముందు పెట్టింది.

"గిది మా నేల. నాలుక మీద ఏస్కొని జూడుండ్రి."

సభాధ్యక్షుడు పెళ్లను ముట్టుకోలేదు. "రంగు వచ్చిందా సాయవ్వా?"

"రంగు గాదు నేను జెప్పేది. నీళ్లల్ల ఉప్పున్నది."

"మరి రంగేది?"

అద్దకంపేటవాళ్లు నవ్వారు. శాసనంలో ఉప్పు అనే మాట లేదని అధ్యక్షుడు చదివి వినిపించాడు. ఆ మాట నిజమే. శాసనం రాసినప్పుడు ఉప్పు లేదని కాదు. కనబడే తప్పు ఉండగా కనబడనిదాని సంగతి ఎవరూ ఆలోచించలేదు, అంతే. పాత రోజుల్లో నాలుగు దినాల మంచినీళ్లు ఆ ఉప్పును కడిగేసేవి. ఇప్పుడు ఆ నాలుగు దినాలు లేవు.

సాయవ్వ జనంలో వెతికి ఇందుమతి వైపు చూసింది. "నువ్వు సదువుకున్నదానివి. నువ్వు జెప్పు."

ఇందుమతికి లెక్క తెలుసు. తూనిక మొదటి రోజే చెప్పింది. ఇప్పుడు నిలబడి అవును అంటే వంతులు తిరిగి వస్తాయి. వంతులొస్తే పాత గొట్టాలూ, రంగులూ, శిక్షలూ అన్నీ వస్తాయి. మూడోసారికి రాజలింగం దగ్గర తల తప్ప ఇంకేమీ లేదు.

"పరీక్ష చెయ్యాలె," అంది ఆమె.

సాయవ్వ తల ఊపి మట్టిపెళ్ల తీసుకొని వెళ్లిపోయింది.

మర్నాడు పట్టపగలే ఇప్పలగూడెంవాళ్లు పసుపు కార్ఖానా తలుపులు బయటినుంచి మూసి నిప్పుపెట్టారు. లోపల ముగ్గురు అరుస్తూ మాడిపోయారు. ఆకుపచ్చ కార్ఖానావాళ్లు దిగువకి వెళ్లి, పొలంలో దొరికిన అన్నదమ్ములిద్దర్ని తెల్లటి మట్టిలో మొహాలు నొక్కి చంపారు. అప్పుడు కూడా గంట గంటకూ మైకు అదే చెప్పింది. రంగు సున్నా. ఉల్లంఘన లేదు.

తర్వాతి మంగళవారం మాత్రం చెప్పలేదు.

*

"నీలం," అంది తూనిక. "జల్లెడ దిగువన. ఉల్లంఘన."

ఇందుమతి పరుగున గట్టు మీదికి వచ్చేసరికి వాగు అడుగు కనబడనంత నీలంగా ఉంది. రాజలింగం అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు. నీళ్లకూ అతని చేతులకూ తేడా లేదు.

"గొట్టం పగలలేదక్కా," అన్నాడు. "తొట్లు నిన్నటి నుంచి ఖాళీ. బట్ట రాలే. నా పాణం మీద ఒట్టు."

"ఒట్లు నాకెందుకు? ఎన్ని గంటలకు వస్తది సాయవ్వ?"

శిక్ష అడిగే పద్ధతి ఒకటుంది. తలకు పిలుపు వచ్చినప్పుడు ఫిర్యాదు చేసిన ఊరి పెద్ద ఒంటరిగా, ఆయుధం లేకుండా కార్ఖానాకు వెళ్లి మనిషిని అడగాలి. ఆ మనిషి వెంట నడవాలి. దారిలో ఎవరూ ఆ పెద్దను ముట్టుకోకూడదు. మధ్యాహ్నంలోగా మనిషి రాకపోతే ఊరంతా గొడ్డళ్లతో వస్తుంది.

"పొద్దు మీదికి రాకముందే," అన్నాడు రాజలింగం. "గిన్ని దినాలు తల ఉన్నదని మురిసిన."

ఇందుమతి వాగులోకి దిగి సీసా నింపి తూనిక గొట్టంలో పోసింది. "రంగు ఎవరిదో అడగట్లేదు. ఇంకా ఏమున్నదో చెప్పు."

"రంగు నీలం కార్ఖానాదే. అయితే వాగునీళ్లలో ఉన్నదానికి మించి ఉప్పు లేదు. తొట్టినుంచి వచ్చిన నీలమైతే ఉప్పు పెరగాలి. అద్దకంలో వాడే సోడా లేదు. సారా ఉంది."

"ఏం సారా?"

"ఇప్పపూల సారా."

ఇందుమతి సీసా వాసన చూసింది. నీళ్లతో వదలని రంగు సారాతో వదులుతుంది. నిండిపోయిన పరుపుల్ని ఆమె కొలిమిలో శుభ్రంచేయడానికి గట్టు వెనక గుట్టగా వేయించేది. వాటికి కాపలా పెట్టలేదు. నల్లటి చెత్తను ఎవరు ఎత్తుకెళ్తారనుకుంది. ఎవరో ఎత్తుకెళ్లారు. సారాలో నానబెట్టి, బయటికొచ్చిన నీలాన్ని జల్లెడ కింద వాగులో పోశారు.

రాజలింగానికి ఆమె చెప్పేలోపే సాయవ్వ వచ్చింది. వెంట ఎవరూ లేరు. చేతిలో ఊతకర్ర కూడా లేదు. నీలం కార్ఖానా వాకిట్లో పనివాళ్లంతా గుండ్రంగా నిలబడ్డారు.

"మనిషిని అడగనీకి వచ్చిన," అంది సాయవ్వ.

"సాయవ్వా," అంది ఇందుమతి. "ఆ నీలం మేం పోసింది కాదు. మీ ఇప్పసారా వాసన ఉన్నది దానిల."

సాయవ్వ ఆశ్చర్యపోలేదు, తడబడలేదు.

"నేనే పోసిన," అంది. "మీ బొగ్గుపరుపులు రెండు దెచ్చి బానల నానేసిన. ఉప్పుకు రంగుంటే నాకీ పని లేకపోవు బిడ్డా. మూడుసార్లు సభకు పోయిన. ఉప్పంటే ఎవలు ఇంటలేరు. రంగంటే ఇంటరని నీలం పోసిన."

"పోస్తే పోసినవ్, నా తల అడుగుతవా?" అన్నాడు రాజలింగం.

"నీ తల మీద నాకేం పగ లేదు. నువ్వు గాకుంటే ఇంకొగడు. మా ఊరు మొత్తం సస్తున్నది. సభ కూసోవాలంటే ఒక తల లేవాలె."

"రాజలింగం, ఆగు," అంది ఇందుమతి. "సభకు తీస్కపోదాం. సారా సంగతి తూనిక చెప్తది. ఉప్పు సంగతి నేను చెప్త. ఈసారి చెప్త."

సాయవ్వ ఆమె వైపు తిరిగింది. "మొదట్నే జెప్తే అయిపోవు గదా."

ఆమె అన్న చివరి మాట అదే. రాజలింగం రెండు నీలిచేతులతో ఆమె జుట్టు పట్టుకున్నాడు. వేళ్లు సరిగ్గా ముడుచుకోని ఆ చేతులకు అంత బలం ఎక్కడిదో ఇందుమతికి తెలియలేదు. సాయవ్వ తల తొట్టి సిమెంటు అంచుకు తగిలింది. రెండోసారి తగిలింది. పనివాళ్లలో ఒకడు నూలు కోసే కత్తి తీశాడు. తర్వాత అందరూ మీద పడ్డారు. ఒక్కొక్కడూ పొడుస్తూ ఒక పేరు అన్నాడు. ఫిట్టరు పేరు, పసుపు కార్ఖానాలో కాలిపోయిన ముగ్గురి పేర్లు. తొట్టి దగ్గర సాయవ్వ చేల పేర్లు చదివినట్టే చదివారు. పేర్లు అయిపోయాక కూడా కత్తులు ఆగలేదు.

ఇందుమతి అరిచింది. అడ్డం వెళ్లింది. ఎవరిదో మోచెయ్యి తగిలి పక్కకు పడింది. లేచేసరికి రాజలింగం తన చేతులు తిప్పి చూసుకుంటున్నాడు. ఆ నీలం మీద రక్తం పెద్దగా కనబడలేదు.

"అయిపోయిందక్కా," అన్నాడు. "ఇగ నా తల ఎవలడుగుతరు?"

"ఆమె కొడుకు అడుగుతడు."

"వానికి ఎట్ల తెలుస్తది? వాకిలి కడుగుండ్రి."

శవాన్ని బట్టల మూటలో కట్టి కొలిమి వైపు తీసుకెళ్లారు. పైపులు తెచ్చి వాకిలి కడిగారు. చిక్కటి ఎర్రనీళ్లు కాలువలోకి, కాలువలోంచి జల్లెడలోకి దిగాయి. రక్తంలోని ఎర్రరంగు అణువు పెద్దది. ఇందుమతి చేసిన వసారాల్లాంటి రంధ్రాలకు అది సరిగ్గా సరిపోతుందని ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఉదయం పోసిన నీలం కూడా అప్పటికే దిగువకు కొట్టుకుపోయింది.

"రంగు సున్నా," అంది మైకు. "ఉల్లంఘన లేదు."

*

ఎల్లేశం పొద్దు వాలేముందు వచ్చాడు. భుజం మీద గొడ్డలి ఉంది. వెనక గుట్ట మలుపులో ఊరి మగవాళ్లంతా ఆగి ఉన్నారు. ఇందుమతి ఒక్కతే గట్టు మీద కూర్చొని ఉంది. కొలిమి పొగ ఇంకా తగ్గలేదు.

"అక్కా, మా అవ్వ పొద్దున వచ్చింది. మనిషిని తోల్కొని మధ్యాన్నానికే రావాలె. రాలే."

ఇందుమతి అతని మొహం చూసింది. ఒక్క మాట చెబితే గుట్ట మలుపులో ఉన్న గొడ్డళ్లన్నీ దిగుతాయి. మొదట పడేది రాజలింగం తలే. ఆ తల కోసమే ఆమె బంకను పోగు చేసింది, పోగును బొగ్గు చేసింది, సభలో నోరు మూసుకుంది.

"మీ అవ్వ రాదు ఎల్లేశం," అంది.

"అంటే?"

"సంపేసిండ్రు. మా తమ్ముడు, మనుషులు. నా కండ్ల ముంగటనే."

ఎల్లేశం గొడ్డలి పిడి మీద చెయ్యి వేశాడు. తర్వాత ఆమె భుజం మీదుగా వాగు వైపు చూశాడు. అతని చెయ్యి పిడి మీద నుంచి నెమ్మదిగా జారింది.

"ఎందుకక్కా గట్లంటవు," అన్నాడు. "నీ తమ్మున్ని అడిగినమని కోపమొచ్చిందా?"

"నిజం చెప్తున్న."

"ఆ వాకిట్ల కోడిని కోసినా గీ వాగు చెప్తది. కడిగిన నీళ్లు ఇంక ఏడికి పోతయి? మేం పొద్దుగాల నుంచి కింద కూసొని నీళ్లే జూస్తున్నం. పగటికే తేటబడ్డయి. అవ్వ మాట ఖాయం చేసుకున్నదేమో అని ఆగినం."

"జల్లెడ పట్టుకుంది ఎల్లేశం. ఎరుపును కూడా పట్టుకుంటది. నేను చేసిన జల్లెడ, నాకు తెల్వదా?"

"నువ్వు చేసింది రంగు పట్టనీకి. మనిషిని పడ్తదా అది?" ఎల్లేశం నవ్వాడు. ఆమె మతి చెడిందేమోనన్న జాలి ఆ నవ్వులో ఉంది. "పెద్దదానివి, నెత్తురు మాటలు మాట్లాడకు. ఉన్న సావులు సాలయ్. అవ్వ అడ్డదారిన సభకు పోయి ఉంటది, ఉప్పు లొల్లి పట్టుకొని. ఆమె ఊకుండే మనిషి కాదు."

అతను గుట్ట వైపు తిరిగి చెయ్యి అడ్డంగా ఊపాడు. ఏమీ లేదు అన్నట్టు. మలుపులో ఉన్నవాళ్లు గొడ్డళ్లు దించి, ఒక్కొక్కరే వెనక్కి నడిచారు.

"నా మాట ఇను," అంది ఇందుమతి. ఆమె అతని చొక్కా పట్టుకుంది. "నేను ఒట్టేసి చెప్త. యంత్రాన్ని విప్పి చూపిస్త."

"యంత్రం చెప్తనే ఉన్నది గదా," అన్నాడు ఎల్లేశం.

గుడిసె మీది మైకు గంట కొట్టింది. రంగు సున్నా, ఉల్లంఘన లేదు అంది.

అతను ఆమె వేళ్లను ఒక్కొక్కటిగా, నొప్పి కలగకుండా విడదీశాడు. గొడ్డలి గట్టు మీద పెట్టి, అవ్వ వచ్చేదాకా ఇక్కడే ఉంటానని చెప్పి, మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగాడు. దోసిలి నింపి మొహం కడుక్కున్నాడు.